పోయొస్తం లింగమయ్యా

మా వదినెకు ఓదార్చడం చేతకాదు. రెండేళ్ల కింద మా ఆయన పోయినప్పుడు, పదకొండో రోజు పొద్దున నా పక్కన చాప మీద కూర్చుని ఆమె అన్నది ఒక్కటే మాట: "బతికుంటే బలుసాకు తినొచ్చు. లే పిల్లా, చాయ్ తాగు." పోయింది ఆమె తమ్ముడే. నలభై ఏడేళ్ల నన్ను పిల్లా అని పిలిచేది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. అందుకని ఏమీ అనలేదు గానీ కడుపులో భగ్గుమంది. ఆకులు తిని బతకమనడం కూడా ఒక ఓదార్పేనా?

ఆయనకు నల్లమల పిచ్చి. పోయే పిచ్చి కాదు, చెప్పే పిచ్చి. చిన్నప్పుడు నాయన భుజమ్మీద కూర్చుని ఆ అడవిలోని సలేశ్వరం శివుడి జాతరకు పోయాడట. ఆ లోయ, కొండ మీది నుంచి పడే నీళ్లు, దారి పొడుగునా కేకలు. ప్రతి ఎండాకాలం అదే కథ, చివర్లో అదే మాట: "వచ్చే యేడు పోదాం." ఇరవై రెండు వచ్చే యేళ్లు అట్లాగే గడిచాయి. ఆ రోజు పొద్దున నేను స్నానానికి వెళ్తే, ఆలస్యమవుతోందని చెప్పకుండానే ఆఫీసుకు బయల్దేరాడు. పదకొండింటికి ఫోన్ వచ్చింది. అప్పట్నుంచి నా లోకం ఆఫీసు, కూరగాయల బండి, ఇల్లు. అంతే. వీధి చివరి గుడికి కూడా ఎవరైనా తోడుంటేనే.

మార్చి నెలాఖర్లో వదినె ఫోన్ చేసింది. "చైత్ర పున్నమి పన్నెండో తారీకు పడ్డది. సలేశ్వరం పోతున్న. వస్తవా, రావా?" రాననడానికి నేను సాకు వెతుక్కునే లోపే పెట్టేసింది.

2025 ఏప్రిల్ 10, గురువారం: అచ్చంపేట

హైదరాబాద్ నుంచి అచ్చంపేట ఎక్స్‌ప్రెస్‌లో నా ఖర్చు సున్నా. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే అయినా నేనొక్కసారీ వాడుకోలేదు. ఎక్కడికైనా పోతే కదా! కల్వకుర్తిలో వదినె ఎక్కింది. చేతిలో స్టీలు డబ్బా, భుజాన ఎవరి పెళ్లిలోనో పంచిన సంచి. ఎక్కుతూనే ఇద్దరు పిలగాళ్లను లేపి మాకు సీట్లు సంపాదించింది.

సామాన్లు లాడ్జిలో పడేసి సాయంత్రం ఉమామహేశ్వరం పోయాం. లాడ్జి రూము 700. ఆటోకు రానూపోనూ 600 అడిగితే వదినె బేరమాడి 450కి దింపింది, దారంతా ఆటో అతని పెళ్లాం పిల్లల యోగక్షేమాలు అడిగి ఆ నూటయాభై బాకీ తీర్చేసింది.

ఉమామహేశ్వరంలో కొండరాయి గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. దాని కిందే గుడి. లోపలికి పోతే పాపనాశనం. రాతి పగుల్లోంచి నీళ్లు సన్నగా జారుతుంటాయి. ఏప్రిల్ ఎండకు బయట బండలు కాలుతున్నా ఆ రాయి మాత్రం చెమ్మగానే ఉంది. ఒక పిలగాడు సీసా పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపైంది అంటే, "సగం సీసా సేపు" అన్నాడు. గడియారం కంటే నాకు ఆ లెక్కే నచ్చింది.

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఇది. వదినె వేళ్లు మడిచి లెక్క చెప్పింది. "ముందు తలుపు కొట్టి పోవాలె. దొంగల్లెక్క సక్కగ లోపటికి పోతరా ఎవలన్న?"

అక్కడి నుంచి కిందికి చూస్తే మొత్తం అడవే. చూశానంటే చూశాను గానీ గోడకు వీపు ఆనించే చూశాను. మోకాళ్లు వణికాయి. పైగా అది నేననుకున్న అడవి కాదు. అడవి అనగానే నా కళ్లకు పచ్చదనమే కనిపించేది, క్యాలెండర్ బొమ్మల పుణ్యం. ఎండాకాలం నల్లమల గడ్డి రంగులో, బూడిద రంగులో ఉంది. టేకు చెట్లన్నీ బోసిగా నిలబడ్డాయి.

"అయ్యో, అంతా ఎండిపోయింది వదినే" అన్నాను.

"ఎండలే. ఆకు రాల్చుకున్నది. నీళ్లు లేని కాలంల ఇన్ని ఆకులు మోసుకొని ఏం జేస్తది? వాన పడంగనే మల్ల పెట్టుకుంటది." ఒక క్షణం ఆగి, "నీకు లేదు గానీ, చెట్టుకుంది తెలివి" అంది. తర్వాత కోతి వచ్చి ఆమె చేతిలో కొబ్బరి చిప్ప లాక్కుపోయింది కాబట్టి ఆ పూట నీతిబోధ అక్కడితో ఆగింది.

రాత్రి బస్టాండ్ వెనక చిన్న మెస్సులో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం. రొట్టెలు చేసే ఆమె పిండి ముద్దను పీట మీద తిప్పుతూ కొడుతుంటే దూరం నుంచి డప్పు వాయిస్తున్నట్టుంది. ఇద్దరికీ కలిపి 130. మూడో రొట్టె వద్దంటే ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది, తిన్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం: మన్ననూర్

మన్ననూర్ చెక్‌పోస్టు అడవికి గడప. 765 నంబరు జాతీయ రహదారి ఇక్కడ్నుంచి పులుల అభయారణ్యం నడుమనుంచి శ్రీశైలం పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు బంద్. ఇది అభయారణ్యమైంది 1978లో, ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది 1983లో. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇటువైపు ముక్క అమ్రాబాద్ అయింది, అటువైపుది నాగార్జునసాగర్-శ్రీశైలం అన్న పాత పేరుతోనే ఉండిపోయింది. "ఆ సంగతి పులికి ఎవలు చెప్పలే. అది ఈదుకుంట అటు పోతది, ఇటొస్తది" అన్నాడు చెక్‌పోస్టు దగ్గర చాయ్ పోసే ఆయన.

ప్లాస్టిక్ లోపలికి పోనివ్వరు. నా నీళ్ల సీసా పోయింది. వదినె మామిడి తొక్కు కట్టిన కవరు కూడా తీసిమ్మన్నారు. "తొక్కు నేలకు పోస్త, కవరు నువ్వే తీస్కో" అని ఆమె గార్డుతో పది నిమిషాలు వాదించి, చివరకు తొక్కును స్టీలు డబ్బాలోకి మార్చి, ఆ గార్డుకే ఇంత చేతిలో పెట్టి తినిపించింది.

మా బస వదినె చిన్నప్పటి స్నేహితురాలింట్లో. ఆమె ఇక్కడే అంగన్‌వాడీ టీచర్‌గా చేసి దిగిపోయింది. మధ్యాహ్నం వాళ్లిద్దరూ పాత ముచ్చట్లలో పడితే నేను రోడ్డు పక్క చాయ్ కొట్టుకు వచ్చి కూర్చున్నాను. ఎదురుగోడ మీద 2019 నాటి నినాదం సగం చెరిగిపోయి ఉంది. యురేనియం కోసం ఇక్కడ తవ్వుతారన్న మాటకు ఊళ్లు ఊళ్లే రోడ్డెక్కిన ఏడాది అది. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మిగతా అక్షరాలు వెలిసిపోయినా 'నల్లమల' అన్న మాట మాత్రం ఎవరో మళ్లీ దిద్దినట్టు చిక్కగా కనిపిస్తోంది.

కొట్టు పక్కన ఒక చెంచు ఆయన తేనె సీసాలు పెట్టుకుని కూర్చున్నాడు. యాభై పైనే ఉంటాయి. కొండతేనె, పుట్టతేనె అని రెండు రకాలు. మామూలుగా గిరిజన సహకార సంస్థ డిపోకు తూకం వేస్తాడట, జాతరప్పుడు మాత్రం రోడ్డు మీద. అర లీటరు 350. వేలితో రుచి చూపించాడు. పుట్టతేనె పల్చగా, కొసకు కొంచెం పుల్లగా ఉంది.

కొండతేనె ఎట్లా తీస్తారు అని అడిగాను. కొండ అంచున చెట్టుకు తాడు కట్టి, నడుముకు ఇంకో కొస చుట్టుకుని, చరియ మీదికి వేలాడుతూ దిగుతారు. పొగ పెట్టి ఈగలు లేవగానే తుట్టె కోస్తారు. పైన ఒక మనిషి తాడు కనిపెట్టుకుని ఉండాలి.

"ఎవరుంటారు పైన?"

"బామ్మర్ది."

"అన్నదమ్ములుండరా?"

నవ్వాడు. పళ్లు ఎర్రగా ఉన్నాయి. "తమ్ముని మనసు ఎట్లుంటదో చెప్పలేం గదమ్మా. బామ్మర్ది ఇడువడు. ఇడిస్తె ముండమోసేది ఆయన అక్కనే గద!"

నా నుదుటి మీద బొట్టు ఉంది. ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నారు కనుక. ఆయనకు తెలిసే దారి లేదు. వదినె ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో గానీ, "ఏయ్, ఈ సీసా మూడు వందలకిస్తవా లేదా?" అని ఉత్తపుణ్యానికి గదమాయించింది. ఆయన బిత్తరపోయాడు.

ఎందుకో నాకే నవ్వొచ్చింది. ఆ మాట ఎవరూ నా ముందు అనకుండా రెండేళ్లుగా ఎంత జాగ్రత్తపడ్డారో! అంటే ఏమవుతుందో అని నేనూ భయపడ్డాను. ఏమీ కాలేదు. చాయ్ చల్లారింది, అంతే.

"దిగేటప్పుడు భయం కాదా?" అన్నాను.

"అయితది. ఎందుకు గాదు? అందుకే పాట వాడుకుంట దిగుత. నా గొంతు వినబడ్డంతసేపు పైనోనికి దిగులుండది. పాట ఆగిందనుకో, ఆడు తాడు గుంజి సూస్తడు."

సీసా 350కే కొన్నాను. వదినె రాత్రంతా ఆ యాభై గురించి సాధించింది.

ఏప్రిల్ 12, శనివారం: సలేశ్వరం

జీపులో మనిషికి 200. పద్నాలుగు మందిమి ఎక్కాం, నా ఒళ్లో ఎవరి పిల్లో ఒకతి నిద్రపోయింది. ఫరహాబాద్ గేటు దాటాక మట్టిదారి. ముందు జీపు లేపిన దుమ్ములో మా జీపు, మా దుమ్ములో వెనకది. రాంపూర్ పెంట వచ్చేసరికి అందరి వెంట్రుకలూ ఒకే రంగు. పెంట అంటే చెంచుల గూడెం. మైదానంలో ఆ మాటకు వేరే అర్థం ఉంది కాబట్టి కొత్తవాళ్లు ముఖాలు చూసుకుంటారు, ఇక్కడివాళ్లకు అది అలవాటే.

అక్కడ్నుంచి నడక. జాతర ఏడాదికి ఈ పున్నమి చుట్టూ కొద్దిరోజులే, మిగతా రోజులు అడవి మూసే ఉంటుంది. ఆ కొద్దిరోజులూ పూజారులు చెంచులే. సగం మంది చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఒక ముసలాయన చేతిలో మాత్రం రేడియో. ఎవరో ఒకరు "వత్తున్నం వత్తున్నం" అని గొంతెత్తుతారు, మిగతా గుంపంతా "లింగమయ్యా" అంటుంది. వదినె మొదటి అడుగు నుంచే అందుకుంది. నాకు సిగ్గు. పెదాలు కదిపి ఊరుకున్నాను.

మజ్జిగ పోసే పందిరి దగ్గర వదినెకు కల్వకుర్తి వాళ్లెవరో కనిపించారు. ముచ్చట తెగేలా లేదు. నేను నాలుగడుగులు ముందు వేస్తే తర్వాత కలుస్తుందిలే అని నడిచాను. ఆమెతో చెప్పలేదు. చెప్పడానికి ముచ్చట మధ్యలో దూరాలి, ఎందుకులే అనిపించింది.

ఒకచోట దారి రెండుగా చీలింది. ముగ్గురు కుర్రాళ్లు ఎడమకు తిరిగితే వాళ్ల వెనకే తిరిగాను. వాళ్లు వెళ్లింది దారికి కాదు, చెట్టు చాటుకు. నాకు ఆ సంగతి అర్థమయ్యేసరికి సిగ్గుతో తల దించుకుని ముందుకే పోయాను, వెనక్కి పోలేక. దారి మేకలు నడిచిన బాటైంది, బాట ఎండిన వాగైంది. వాగులో తెల్లటి గుండ్రాళ్లు. పైన వెదురు పొద ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఎండుటాకు కింద ఏదో పాకింది. తొండే అయ్యుంటుంది, కానీ నా మనసులో మాత్రం అది పులి దాకా పెరిగింది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ పిలగాడి లెక్కలో చెప్పాలంటే సీసాలో పావు వంతు. వచ్చిన దారి ఎటో మరిచిపోయాను. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. అప్పుడు ఎక్కడో కుడిచేతి వైపు, పైనుంచి, పల్చగా: "వత్తున్నం వత్తున్నం..."

లింగమయ్యా అందామని నోరు తెరిచాను. రాలేదు. నవ్వుకుంటారేమో కానీ అడవిలో ఒంటరిగా నిలబడి కూడా నాకు ఎవరైనా వింటారేమోననే సిగ్గు. రెండోసారి వచ్చింది, పగిలిన కుండ చప్పుడులా. మూడోసారి గట్టిగానే అరిచాను. పైనుంచి ఎవరో మగగొంతు, "ఎవలమ్మా అది? ఇటు రా! సప్పుడు జేసుకుంట రా!" అంది. అరుచుకుంటూ, రాళ్లు పట్టుకుని పాకుతూ, చీర కొంగు రెండుచోట్ల చింపుకుని దారిమీద పడ్డాను. ఆ గొంతు మనిషి ఎవరో చూసేలోపే గుంపు కదిలిపోయింది.

వదినె మలుపులో బండ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ముక్కు ఎర్రబడింది.

"నువ్వు గూడ చెప్పకుండ పోతవా?" అంది.

నేనేమీ అనలేదు. ఏమనాలి? చాలాసేపటికి సంచిలోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టి, "నడువు" అంది.

తర్వాత దిగుడు. రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టున్న దారి, ఆ పైన చరియ అంచున ఒక మనిషి పట్టేంత సందు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. ఎదురుగా పైకి వచ్చేవాళ్లు, కిందికి పోయే మేము. సగంలో నా కాళ్లు ఆగిపోయాయి. వెనక వరుస మొత్తం ఆగింది. ఉమామహేశ్వరంలో ఆనుకోవడానికి గోడ ఉంది, ఇక్కడ గోడే దారి.

నా వెనకున్న అవ్వ నడుము మీద చెయ్యి వేసింది. ఎముకలే ఉన్న చెయ్యి. "బయమైతే బయమైతుందని మొత్తుకో బిడ్డా. నోరు మూస్కోని నిలవడితె ముంగటోనికెట్ల తెలుస్తది?" నేను మొత్తుకోలేదు గానీ, ఆమె మొత్తుకుంది, నా తరఫున. "ఓ అయ్యా, ఈడ ఆడమనిషికి బయమైతుంది, జర ఆగున్రి!" ఎదురుగా వస్తున్నవాళ్లు రాతికి అతుక్కుని నిలబడ్డారు. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన నా చెయ్యి అందుకుని పక్కవాడికి, ఆయన ఇంకొకరికి, అట్లా చేతుల మీద చేతులు మారి సందు దాటించారు.

దాటాక తెలిసింది నాకు, ఆ కేకలు ఒక్క భక్తికే కాదని. పోయేవాళ్లది ఒక మాట, తిరిగొచ్చేవాళ్లది ఇంకో మాట. మలుపు అవతల మనిషి కనబడకముందే మాట వినబడుతుంది. ఏ మాటో విని ఎవరు ఆగాలో, ఎవరు నడవాలో చూసుకుంటారు. ఇది నా ఊహే, ఎవరూ చెప్పలేదు. కానీ ఆ సందులో ఒక్క ట్రాఫిక్ పోలీసు లేకుండా అంతమంది నడుస్తున్నారు మరి.

కింద లోయ అడుగున ఆకాశం ఒక గుడ్డపీలికంత కనిపిస్తుంది. కొండ నెత్తిమీది నుంచి నీళ్లు పడి గుండంలోకి జారుతున్నాయి. పక్కన గుహలో లింగం. చెంచు పూజారి చొక్కా లేకుండా, మెడలో ఒక్క దండతో, తోపులాటలో కూడా తొందరలేని మనిషిలా విభూతి పెట్టాడు. గుండంలో నీళ్లు మే నెల ఫ్రిజ్ నీళ్ల కంటే చల్లన. మూడు మునకలకు పళ్లు టకటకలాడాయి.

నిజం చెప్పాలి. ఆయన చెప్పినంత పెద్దగా లేదు ధార. గాలి వీస్తే తుంపరై పక్కకు కొట్టుకుపోతోంది. "ఇంతేనా వదినే?" అన్నాను.

ఆమె తడి కొంగు పిండుకుంటూ పైకి చూసింది. "అప్పుడు వాడు చిన్నోడు గద" అంది.

తిరుగుదారిలో మాట మారింది. మా ముందున్న కుర్రాళ్లు "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అని గొంతు చించుకుంటున్నారు. నన్ను దాటించిన అవ్వ వెనక నుంచి కర్రతో ఒకడి కాలిమీద తట్టింది. "పోతున్నం ఏందిరా? నోట్ల మంచి మాట రాదా? పోయొస్తం అనున్రి!"

ఇంట్లో గడప దాటేటప్పుడు మా అమ్మ కూడా ఇట్లాగే తిట్టేది. కుర్రాళ్లు నవ్వి మాట మార్చుకున్నారు. "పోయొస్తం పోయొస్తం..." వదినె గొంతు బొంగురుపోయింది, ఆమె వంతు కూడా నేనే అరిచాను. ఈసారి సిగ్గు గుర్తుకు రాలేదు.

పైన పందిట్లో పులిహోర, చల్ల. పైసా తీసుకోరు. ఆకు ఎక్కడ వేయాలో మాత్రం రెండుసార్లు చెప్తారు. దారిలో చెంచు ఆడవాళ్లు మొర్రిపండ్లు దొప్పల్లో పెట్టి అమ్ముతున్నారు. దొప్ప 20. వదినె బేరానికి దిగితే ఆమె పలకలేదు, కోపమూ రాలేదు, ఊరికే చెట్లవైపు చూస్తూ కూర్చుంది. ఆ మౌనం ముందు మా వదినె జీవితంలో మొదటిసారి ఓడిపోయి 20 ఇచ్చింది.

అదే రాత్రి: మిద్దె మీద

కాళ్లకు నూనె రాసుకుని మిద్దె మీద పడుకున్నాం. చంద్రుడు పైకొచ్చాడు. ఊరు దాటాక అడవి మొదలయ్యేచోట ఒక చెట్టు సున్నం వేసినట్టు తెల్లగా వెలుగుతోంది. ఆకు ఒక్కటీ లేదు, బెరడు నున్నగా. తపసి చెట్టట. దాని బంకే చెంచులు ఏరి డిపోకు వేస్తారు. పేరు పెట్టినవాడెవడో గానీ చూసే పెట్టాడు.

"అడవి గాచిన వెన్నెలంటే ఇదే కాబోలు, ఎవరికీ అక్కరకు రాదు" అన్నాను, పంతులమ్మలా.

మెట్ల మీద కూర్చున్న చెంచామె నవ్వింది. పక్కింటామె, రోజూ ఈ వేళకు ముచ్చటకు వస్తుందట. "ఎందుకక్కరకు రాదు? ఇప్పపువ్వు రాలేది తెల్లారుజామున. ఎలుగుకు అదంటె పానం. సీకట్ల పోతె ఎలుగేదో పొదేదో తెల్వది. ఎన్నెలుంటె దూరంకెల్లే కనబడ్తది, మేం పక్కకు తప్పుకుంటం, అది దాని పువ్వు అది తింటది." కాస్త ఆగి, "మీ ఊళ్లె కరెంటున్నది. ఎన్నెలతోటి మీకే పని లేదు" అంది.

ఇంత చదువుకున్నాను, ఇన్నాళ్లూ ఆ సామెతను ఊళ్లో నిలబడే వాడాను.

ఏప్రిల్ 13, ఆదివారం: ఇప్పపువ్వు, ఇంకో ఆకు

ఐదింటికి ఆమె వెంట పోయాం. అడవిలోకి కాదు, ఊరి చేను గట్టున ఉన్న ఇప్పచెట్టు దాకా. పూలు నేలంతా, లేత పసుపు ముత్యాల్లా, గుజ్జుగా. వాసన తియ్యగా మొదలై తలకెక్కుతుంది. నోట్లో వేసుకుంటే ముందు తేనె, తర్వాత ఏదో పులిసినట్టు. పూలు బాగా కనబడాలని కొందరు చెట్టు కింది ఎండుటాకు తగలబెడతారట, ఎండాకాలం అడవి అంటుకోవడానికి అదీ ఒక కారణమని ఫారెస్టు వాళ్లు మొత్తుకుంటారు. ఈమె చీపురుతో ఊడ్చి పెట్టుకుంది. "అంటుపెడ్తె ఈ యేడు అలకగ దొరుకుతది. వచ్చే యేడు ఏం దొరుకుతది?"

వదినె మెల్లగా, కొంచెం మొహమాటంగా అడిగింది. "ఇక్కడ బలుసాకు ఉంటదా?"

నేను ఆమె వైపు చూశాను. "నీకు తెలియదా?"

"నేనేడ సూసిన! మా అమ్మ అంటుండె, నేనన్న."

అరవై ఏళ్ల మనిషి, పల్లెలో పుట్టిన మనిషి, ఊళ్లో ఎవరు పోయినా వెళ్లి బలుసాకు తినమని చెప్పొచ్చే మనిషి, ఆ ఆకు మొహం ఎరగదు! చెంచామె గట్టు దిగి, నీటిగుంట పక్కన నా నడుమెత్తు పొద చూపించింది. జంట జంటగా ముళ్లు, నడుమ చిన్న గుండ్రటి ఆకులు. ఎండకు చాలావరకు రాలిపోయి, చెమ్మ ఉన్నవైపే కొన్ని లేతవి మిగిలాయి. నాలుగు తెంపి ఇద్దరికీ పంచింది. తెంపేటప్పుడు ముల్లు గీరి ఆమె బొటనవేలి మీద రక్తం చుక్క పొడిచింది, చీరకు తుడుచుకుంది.

నమిలాం. వగరు. దాని వెనక సన్నగా చేదు. మింగాక నాలుక మీద ఏమీ మిగల్లేదు.

వదినె ఇంకా నములుతోంది. "ఇదా!" అంది.

"పప్పుల ఏస్తె బాగుంటది, ఉత్తగెవలు తింటరు?" అంది చెంచామె, మా మీద జాలిగా.

నవ్వు ఎవరికి ముందొచ్చిందో చెప్పలేను. గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఆ కళ్లనీళ్లు కొంతసేపటికి వేరేవయ్యాయి, అదీ దాచుకోలేదు. ఆయన పేరు ఎత్తి ఇద్దరం మాట్లాడుకున్నది రెండేళ్లలో అదే మొదటిసారి. వాడికి పుంటికూర అంటే పడదని ఆమె, నా దగ్గర అడిగి మరీ తినేవాడని నేను, చాలాసేపు కొట్లాడుకున్నాం.

సోలెడు ఇప్పపువ్వు 30 ఇచ్చి కట్టించుకున్నాం, మోదుగాకుల్లో. ఫరహాబాద్ వ్యూ పాయింటు, మల్లెలతీర్థం చూడాలని రాసి పెట్టుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది. కాళ్లు ఒప్పుకోలేదు, వదినె అసలే ఒప్పుకోలేదు. మధ్యాహ్నం బస్సెక్కాం. కల్వకుర్తిలో దిగి, ఆమె కిటికీ కిందికి వచ్చి నిలబడింది.

"తేనె సీస మూత గట్టిగ పెట్టు. ఇంటికి పోంగనే ఫోన్ చెయ్యి. ఇగ వచ్చే యేడు..." అని ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో ఇద్దరికీ గుర్తొచ్చింది.

"వచ్చే యేడు అనకు వదినే. తారీకు చూసి చెప్తా."

బస్సు కదిలింది. ఫోన్లో చూశాను. 2026 ఏప్రిల్ 1, బుధవారం రాత్రి పున్నమి. కండక్టర్ టికెట్ అడుగుతుంటే ఆగమని చెయ్యి చూపించి, కిటికీలోంచి తల బయటపెట్టి ఆ తారీకు గట్టిగా అరిచాను. ఆమెకు వినబడిందో లేదో, అక్కడి నుంచే చెయ్యెత్తింది.